హార్లెమ్ నంబర్ల పందెం లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1920లు, 30లలో సాగిన నంబర్ల పందెంపై తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. విషయం తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

మూడంకెల సంఖ్యపై ఒక్క సెంటు అయినా కాయవచ్చు. గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటి కాగా, చెల్లింపు సుమారు 600 రెట్లే. ఆ తేడాలోనే ఆదాయమంతా ఉంది. స్టెఫనీ సెయింట్ క్లెయిర్ వంటి నల్లజాతి నిర్వాహకుల చేతుల్లో ఉన్న ఈ వ్యాపారాన్ని, మద్యనిషేధం ముగియబోతున్న రోజుల్లో డచ్ షుల్ట్జ్ ముఠా బెదిరించి లాక్కుంది. అంతటితో ఆగలేదు. గెలుపు సంఖ్యకు ఆధారమైన గుర్రప్పందేల మొత్తాలను ఒట్టో బెర్మన్ అనే లెక్కల మేధావి చివరి క్షణంలో పందేలు కాయించి మార్చి, జనం ఎక్కువగా కాసిన సంఖ్య రాకుండా చూసేవాడు. పేదల చిల్లర డబ్బును ఇంత పకడ్బందీగా దోచుకోవడం నన్ను నిజంగా కలచివేస్తోంది.

1935లో షుల్ట్జ్, బెర్మన్ ఇద్దరూ హతమయ్యారు. ఈ ముఠాకు అండగా నిలిచినందుకు రాజకీయ నాయకుడు జిమ్మీ హైన్స్ 1939లో దోషిగా తేలాడు. వసూలుదార్లకు, బ్యాంకర్లకు (అంటే పందెం నడిపే నిర్వాహకులకు), రక్షణ కల్పించినవారికి ఎంతెంత ముట్టేదో తెలిపే సాక్ష్యాలు ఆ విచారణ పత్రాలలో ఎక్కడ చూడవచ్చు? న్యూయార్క్‌లోని తెలుగువారెవరైనా నగర పత్రాగారంలో ఇలాంటివి వెతికి ఉంటే, భారతదేశం నుంచి నకళ్లు తెప్పించుకునే పద్ధతిని వివరించగలరా?