‘మార్షల్’ను ‘సేనాధిపతి’ అనొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండు ప్రభువు విలియం మార్షల్ (మరణం 1219) గురించి తెలుగులో రాసేటప్పుడు ఆయన పేరులోని ‘మార్షల్’కి ‘సేనాధిపతి’ సరైన మాటేనా? ఆయన కట్టించిన మఠాలకు ఆయన్ని ‘ధర్మకర్త’ అనవచ్చా?

జవాబు: సేనాధిపతి వద్దండి. పాత జర్మానిక్ భాషల్లో ఆ మాటకు గుర్రాల సేవకుడని అర్థం. 12వ శతాబ్దపు ఇంగ్లండులో మార్షల్ రాజు గుర్రాలను చూసుకోవాలి, కొలువులో క్రమం తప్పకుండా చూడాలి, ఖజానా నుంచి వెళ్ళిన చెల్లింపులకు గాట్లు పెట్టిన లెక్క కర్రలు దాచాలి. హోదాలో కానిస్టేబుల్ (అప్పట్లో రాజు కొలువులో పెద్ద సైనికాధికారి, పోలీసు కాదు) తర్వాతివాడు. మనకు ‘సాహిణి’ (రాజు గుర్రాలను గానీ ఏనుగులను గానీ చూసే అధికారి) ఉండనే ఉంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి జాయపసేనాని ఈ విలియంకి సమకాలికుడు కూడా. కాబట్టి ‘అశ్వసాహిణి’ అనండి.

ఇంకొకరు: పదవికి ‘సాహిణి’ చక్కగా కుదిరింది. పేరును మాత్రం ముట్టుకోకండి. తాత గిల్బర్టు, తండ్రి జాన్, అన్న జాన్ అందరూ ఆ కొలువు చేసినవాళ్ళే. ‘కరణం’ ఇంటిపేరైనట్టే అదీ ఇంటిపేరై కూర్చుంది. అన్న 1194లో పోయాకే పదవి విలియంకి దక్కింది, పేరు మాత్రం ముందునుంచీ ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1189లో ఇసబెల్ డి క్లేర్‌ని పెళ్ళాడితే ఆమె వెంట వచ్చిన భూములు వేరు, 1199లో వచ్చిన పెంబ్రోక్ ఎర్ల్ (పెంబ్రోక్ ప్రాంతపు ప్రభువు) హోదా వేరు, 1216 నుంచి బాలరాజు మూడో హెన్రీ తరఫున చేసిన పాలన వేరు. మూడింటినీ ‘మార్షల్ పదవి’లో కలిపేయకూడదు. అయిదుగురు కొడుకులూ 1245కల్లా వారసులు లేకుండా పోయారు. పదవి పెద్దకూతురు మాడ్‌కి, ఆమె ద్వారా కొడుకు రోజర్ బైగాడ్‌కి చేరింది.

మరొకరు: ‘ధర్మకర్త’ అంటే ఆస్తి నిర్వహించేవాడు. ఇక్కడ ఆస్తి మఠానిదే, నిర్వహణా వాళ్ళదే. 1190 ప్రాంతంలో ఇంగ్లండులోని కార్ట్‌మెల్ మఠానికి విలియం రాసిచ్చిన దానపత్రం చూడండి. ప్రయర్ (మఠం పెద్ద) చనిపోతే మఠంవాళ్ళు ఇద్దరిని ఎంచి విలియం ముందు గానీ వారసుల ముందు గానీ నిలబెట్టాలి, ఆయన గానీ వారసులు గానీ ఒకరిని ఖాయం చేస్తారు. మఠాన్ని ఎన్నడూ అబీగా (ఇంకా పెద్ద హోదా గల మఠంగా) మార్చకూడదు. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ, ఆయన కొడుకు యువ హెన్రీల ఆత్మశాంతికి ప్రార్థనలు జరగాలి. హాని తలపెట్టినవాడికి దేవుడి శాపం తగలాలి. మన శాసనాల చివర ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని దానాన్ని హరించేవాడిని శపించే శ్లోకం చదివినవారికి ఇది కొత్త కాదు. దాత వంశానికి ఇంత హక్కు మిగిలింది కనుక ‘పోషకుడు’ అంటే కాస్త పలచన. నా ఓటు ‘స్థాపక దాత’కి.

అడిగినవారు: ఐర్లండులో ఆయన కట్టించిన టింటర్న్ డి వోటో మఠం మాటేమిటండీ?

మరొకరు: అది సముద్రంలో తుపానులో చిక్కుకున్నప్పుడు మొక్కుకుని 1200 ప్రాంతంలో కట్టించింది. సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్న్యాసులను వేల్స్‌లోని టింటర్న్ మఠం నుంచి రప్పించాడు. ఆ వేల్స్ మఠం ఇసబెల్ పుట్టింటి క్లేర్ వంశంవాళ్ళు స్థాపించింది. ‘డి వోటో’కి ‘మొక్కుబడి’ అచ్చంగా సరిపోతుంది. ‘మొక్కుబడి టింటర్న్’ అని రాయండి.