వాలంటీర్‌గా కెన్యా పల్లెలకు వెళ్లాలనుంది, లక్షన్నర కట్టమంటున్నారు

చిత్రావతి_కుర్రోడు: అందరికీ నమస్తే. మాది అనంతపురం వైపు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను, జీఐఎస్ మ్యాపింగ్ పని, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం, వయసు 29. ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు ఇస్తామన్నారు. కెన్యాలో 2020 చివరి నుంచి వరుసగా ఐదు సీజన్లు వానలు మొహం చాటేశాయని చదివినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. ఒక ఏజెన్సీని అడిగితే రెండు వారాలకు లక్షన్నర కట్టమంటున్నారు, మొక్కలు నాటడం, స్కూలుకు రంగులు వేయడం, మధ్యలో సఫారీ. ఇలాగే ఉంటుందా?

మడివాళ_మిత్రుడు: కట్టకు బ్రో. యూఎన్ వాలంటీర్స్ వాళ్లు ఒక్క రూపాయి తీసుకోరు, పైగా పోస్టింగ్ వస్తే నెలనెలా ఖర్చులకు వాళ్లే ఇస్తారు. ముందు ఆన్‌లైన్ వాలంటీరింగ్‌లో చేరు, ఇంట్లో కూర్చునే మ్యాపులు చేసిపెట్టొచ్చు. అయినా మన అనంతపురంలో కరువు లేదా?

గిండీ_అక్క: నేను చెన్నై నుంచి వెళ్లి కెన్యాలోని మకువేనిలో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడా, పక్కన కిటూయిలోనూ వానాకాలంలో మాత్రమే పారే ఏళ్లకు అడ్డంగా, అడుగున రాయి తగిలేదాకా తవ్వి గోడ కడతారు. సాండ్ డ్యామ్ అంటారు. వరద వచ్చినప్పుడల్లా గోడ వెనక ఇసుక మేట వేస్తుంది, నీళ్లు ఆ ఇసుకలో ఉండిపోతాయి, ఎండకు అంతగా ఆవిరి కావు. మన పెన్నలో చెలమ తవ్వుకున్నట్టే తవ్వి తోడుకుంటారు. రాళ్లు మోసేది ఊరి సంఘాల వాళ్లే, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. తట్ట మోయడానికి నువ్వు విమానమెక్కి పోనక్కర్లేదు తమ్ముడూ. చిక్కంతా చోటు ఎంపికలో ఉంటుంది. రాయి మరీ లోతుగా ఉంటే నీళ్లు కిందికి జారిపోతాయి, ఒండ్రు ఎక్కువ తెచ్చే వాగైతే గోడ వెనక బురదే నిండుతుంది. శాటిలైట్ మ్యాపులతో పనికిరాని వాగుల్ని చాలావరకు ముందే తీసేయొచ్చు, నీకు తెలిసిన పని అదే కదా. మిగిలినవి మాత్రం ఊరివాళ్లతో కలిసి నడిచి, ఇనుప కడ్డీ దించి చూడాల్సిందే. ఎవరు పిలిచినా ఒకటే అడుగు, ఈ పని కావాలన్నది ఊరి సంఘమా, మీరా? సఫారీ ప్యాకేజీ వాళ్లకు దీనికి జవాబుండదు.

చిత్రావతి_కుర్రోడు: థాంక్స్ అక్కా, ఇలా ఎవరూ చెప్పలేదు. మిత్రమా, మన ఊరి మీద ప్రేమ లేక కాదు, ఇసుకలో నీళ్లు నిలబెట్టడం అక్కడ చూసి నేర్చుకుంటే చిత్రావతి వాగుల్లో ఎక్కడ పనికొస్తుందో వెతకొచ్చని నా ఆశ. వీసా, టీకాల సంగతి చెప్పండి.

గిండీ_అక్క: టూరిస్టుగా వెళ్లి పని చేయొద్దు, పిలిచే సంస్థే పర్మిట్ తీయించాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో, ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌కు పంపిస్తారు. నేను గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నా, బెంగళూరులోనూ సెంటర్లున్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఏళ్లు ఎండి ఉంటాయి, సర్వేకు అదే అదను. అక్టోబరులో వానలు మొదలైతే ఏట్లో దిగలేవు, సెలవు దాన్ని బట్టి అడుగు.