వైవిధ్యం, సమాన అవకాశాల కోసం కంపెనీ ఇచ్చిన డబ్బును దేనిమీద ఖర్చు పెడితే ఫలితం ఉంటుంది?

ప్రశ్న

నేను హైదరాబాదులో సుమారు 400 మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో, హెచ్ఆర్ విభాగంలో ఉన్నాను. ఉద్యోగుల్లో వైవిధ్యం, సమాన అవకాశాలు, అందరినీ కలుపుకొనిపోవడం కోసం యాజమాన్యం ఈ ఏడాది విడిగా కొంత డబ్బు కేటాయించి, ఏం చేయాలో రాసి ఇమ్మని నన్ను అడిగింది. గత ఏడాది మేం చేసినవి రెండే: బయటి నిపుణులను పిలిపించి అందరికీ తప్పనిసరిగా ఒక పూట శిక్షణ ఇప్పించడం, మార్చి 8న మహిళా ఉద్యోగులకు గులాబీలు, బహుమతులు ఇవ్వడం. ఆ తర్వాత లెక్కలు తీసి చూశాను. ఫ్రెషర్లుగా చేరేటప్పుడు ఆడపిల్లలు దాదాపు సగం మంది ఉంటున్నా, టీమ్ లీడ్ స్థాయికి వచ్చేసరికి వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందే మిగులుతున్నారు. వికలాంగులైతే ఒక్కరూ లేరు. నిజంగా పనిచేసిన పద్ధతులను దగ్గరనుంచి చూసినవారు దయచేసి చెప్పగలరా?

మొదటి జవాబు (ఫార్మా పరిశ్రమలో హెచ్ఆర్, ఇరవై ఏళ్ల అనుభవం)

ఒక పూట శిక్షణతో మార్పు రాకపోవడంలో మీ లోపమేమీ లేదండీ. అమెరికాలో 800కు పైగా కంపెనీల మూడు దశాబ్దాల వివరాలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ 2016లో చెప్పింది కూడా ఇదే: తప్పనిసరి శిక్షణ పెట్టిన చోట మేనేజర్లలో కొన్ని వర్గాల వాటా ఐదేళ్లకు తగ్గింది కూడా. సీనియర్లు ఒక్కొక్కరిని చేయి పట్టుకుని నడిపించే ఏర్పాటు ఉన్నచోట, ఫలితాలకు ఫలానావారు జవాబుదారీ అని తేల్చినచోట పెరిగింది.

మీ లెక్కలను బట్టి చూస్తే, ఆడవాళ్లు ఎక్కువగా ప్రసవం తర్వాతే తగ్గిపోతున్నారని నాకు అనిపిస్తోంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమాల ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు ఇవ్వాలి; 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేసి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. సెలవు చాలా కంపెనీలు ఇస్తాయి. దెబ్బ తగిలేది అప్రైజల్‌లో, అంటే ఏడాది పనితీరుకు రేటింగ్ ఇచ్చేటప్పుడు. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో, ఆరు నెలల తర్వాత తిరిగొచ్చిన ఒక అమ్మాయికి, పనిచేసిన ఆరు నెలలూ మంచి పేరున్నా, ‘ఏడాదంతా అందుబాటులో లేదు’ అన్న కారణంతో అందరికంటే కింది రేటింగ్ ఇచ్చారు. ఆమె మరో నాలుగు నెలలకు రాజీనామా చేసింది. ఆ తర్వాత మేం నిబంధన మార్చాం: పనిచేసిన నెలలకే రేటింగ్, అవి మరీ తక్కువైతే అంతకుముందటి ఏడాది రేటింగే కొనసాగింపు. దీనికి పైసా ఖర్చు కాలేదు, వెళ్లిపోయేవాళ్లు మాత్రం కళ్లకు కనిపించేంతగా తగ్గారు.

రెండవ జవాబు (చూపు లేని సాఫ్ట్‌వేర్ టెస్టర్)

వికలాంగులు ఒక్కరూ లేరన్నారు కదా, దరఖాస్తు చేయలేదా, లేక మీ పరీక్ష దాటలేకపోయారా అన్నది ముందు చూడండి. నేను ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్)‌తో పనిచేస్తాను. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్షలో ప్రశ్నలన్నీ బొమ్మల రూపంలో పెట్టారు. ప్రశ్న ఉండాల్సిన చోట నా చెవిలో ‘గ్రాఫిక్’ అన్న ఒక్క మాటే వినిపించింది. గడియారం నడుస్తూనే ఉంది, నేను సున్నా మార్కులతో బయటికొచ్చాను. మరో కంపెనీకి ముందుగా ఫోన్ చేసి చెబితే, అవే ప్రశ్నలను అక్షరాల రూపంలో పంపి, కొంత అదనపు సమయం ఇచ్చారు. నేను ఇప్పుడు పనిచేస్తున్నది అక్కడే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలూ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, ఆపైన ఉద్యోగులుంటే వికలాంగుల నియామకాలు, వారి అవసరాలు చూసుకునే లైజన్ అధికారిని కూడా నియమించాలి. ఆ అధికారి ఫోన్ నంబరు మీ ఉద్యోగ ప్రకటనలోనే వేయండి, నాలాంటివాళ్లు నేరుగా అడుగుతారు.

ఉద్యోగం ఇవ్వడంతోనే మీ పని అయిపోదు. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చి దేశమంతా మెప్పు పొందింది. కానీ ఊళ్లో అద్దెకు ఇల్లిచ్చేవాళ్లు లేక వారిలో కొందరు కొద్దిరోజులకే మానుకోవలసి వచ్చింది. లెమన్ ట్రీ హోటళ్లలో వినికిడి లోపమున్నవారిని చేర్చుకోవడంతో పాటు, మిగతా సిబ్బందికి సంజ్ఞా భాష నేర్పించారు. శిక్షణకే డబ్బు పెట్టాలనుకుంటే అలాంటి శిక్షణకు పెట్టండి.

మూడవ జవాబు (ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చునే డెలివరీ మేనేజర్)

ఇంతవరకూ ఎవరూ ఎత్తని విషయం కులం. మన దగ్గర ‘ఇంటిపేరేమిటి, ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు’ అన్న ప్రశ్నలు మాట కలపడానికి అడిగినట్టే ఉంటాయి. నేను కూర్చున్న ఒక ప్యానెల్‌లో ఒక కుర్రాడు డేటాబేస్ భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబు చెప్పాడు. తర్వాత ఊరి పేరు చెప్పగానే మా సీనియర్ ‘ఊళ్లో ఎటువైపు?’ అని అడిగారు. ఆ అబ్బాయి కాసేపు టేబుల్ వైపు చూసి, మెల్లగా చెప్పాడు. ఫారంలో ‘కమ్యూనికేషన్ బాగా లేదు’ అని రాశారు. ఆ రోజు నేను నోరు విప్పనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇది ఒక్క గదిలో జరిగిన విషయం కాదు. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అర్హతలు ఒకేలా ఉంచి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి చూశారు. దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో ప్రచురించారు. కాబట్టి మొదటి వడపోతలో పేరు, ఊరు, కాలేజీ కనిపించకుండా చేయండి. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ప్యానెల్ సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు వేసేలా చూడండి. రెఫరల్ బోనస్ గురించి కూడా ఆలోచించాలి: బంధువులను, క్లాస్‌మేట్లను తెచ్చినందుకు డబ్బిస్తూ ఉంటే, ఇప్పుడున్నవారిలాంటివారే మళ్లీ వస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అప్రైజల్ నిబంధన, పరీక్ష, ఇంటర్వ్యూ పద్ధతి, ఈ మూడింటినీ రాసి ఇస్తున్నాను. శిశు సంరక్షణ కేంద్రానికి మాత్రం మా అంతస్తులో చోటు లేదు. అది తప్పనిసరిగా మా ఆఫీసులోనే ఉండాలా?

మొదటి జవాబిచ్చినవారు

అక్కర్లేదండీ. సొంతంగా గానీ, ఇతరులతో కలిసి ఉమ్మడిగా గానీ నడపవచ్చని చట్టంలోనే ఉంది. మీ భవనంలోని మిగతా కంపెనీల హెచ్ఆర్ వారితో మాట్లాడి, కింది అంతస్తులో చోటు అద్దెకు తీసుకుని ఖర్చు పంచుకోండి. ఆఫీసు నుంచి మరీ దూరంగా మాత్రం పెట్టకండి, నాలుగుసార్లు వెళ్లిరావలసింది పాలిచ్చే తల్లి.