గ్రామీణ ఆసుపత్రులు మూతపడితే క్యాన్సర్ రోగులకు జరిగే నష్టమేమిటి?

ప్రశ్న: అమెరికాలో 2010 నుంచి 100కు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి. క్యాన్సర్ చికిత్స ఎక్కువగా నగరాల్లోనే జరుగుతుంది కదా, మరి నల్లజాతి రోగులకు ప్రత్యేకంగా కలిగే నష్టమేమిటో వివరించగలరా?

జవాబు 1: నష్టం వ్యాధి నిర్ధారణ దగ్గరే మొదలవుతుందండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) వంటి పరీక్షలు దగ్గరలో లేకపోతే గడ్డ ముదిరాకే బయటపడుతుంది. ఆపై రేడియేషన్‌కు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున, కొన్ని వారాలపాటు దూరప్రయాణం చేయాలి. కారు లేనివారికి, రోజుకూలి వదులుకోలేనివారికి అది ఎంత కష్టమో ఆలోచించండి.

జవాబు 2: మూసివేతలు దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువ; గ్రామీణ నల్లజాతి ప్రజల్లో అత్యధికులు నివసించేదీ అక్కడే. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను విస్తరించకపోవడంతో బీమా లేనివారి వైద్యభారం ఆసుపత్రుల మీదే పడింది. నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ తెల్లజాతి స్త్రీలకంటే కాస్త తక్కువగానే వస్తున్నా, మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. దీనికి దూరమొక్కటే కారణం కాదు, కానీ దాన్ని తగ్గించడం మన చేతిలో ఉన్న పని.