హాస్టల్ లీడర్‌గా మొదలుపెడితే ఎమ్మెల్యే దాకా పోగలమా?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో పీజీ ఫస్టియర్. మెస్‌లో సాంబారు నీళ్లలా ఉందని గరిటె పట్టుకుని గట్టిగా అడిగినందుకు అందరూ లీడర్ అంటున్నారు, ఒక సంఘం వాళ్లు పదవి ఇస్తామంటున్నారు. ఇదే కెరీర్ చేసుకోవచ్చా?

జవాబు 1: ఎస్వీయూలోనే ఉదాహరణ ఉంది కదా తమ్ముడూ. చంద్రబాబు అక్కడ ఎంఏ ఎకనామిక్స్ చదువుతూ విద్యార్థి రాజకీయాల్లో తిరిగి, 1978లో కాంగ్రెస్ తరఫున చంద్రగిరిలో గెలిచి, రెండేళ్లకే మంత్రి అయ్యారు. 1983లో అదే చంద్రగిరిలో ఓడిపోయారు, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

జవాబు 2: ఆ రోజులు వేరు. అప్పుడు క్యాంపస్ ఎన్నికలుండేవి, గది గదికీ తిరిగి ఓటు అడిగేవాళ్లు, అదే ట్రైనింగ్. క్యాంపస్ ఎన్నికలకు రూల్స్ సూచించిన 2006 లింగ్డో కమిటీ, పోటీ చేసే పీజీ వాళ్లకు 25 ఏళ్ల లోపు ఉండాలంది, 75 శాతం హాజరు, ఖర్చు 5 వేలు దాటకూడదంది. మన దగ్గర ఎన్నికలే పెట్టనప్పుడు ఆ రూల్స్ ఏం చేసుకుంటాం? ఇప్పుడంతా ఫ్లెక్సీలే.

జవాబు 3: మా రూమ్మేట్ ఒక ధర్నా కేసులో నాలుగేళ్లు చిత్తూరు కోర్టుకు తిరిగాడు, పొద్దున్నే బస్సు, చేతిలో ఇడ్లీ పొట్లం. పార్టీ వాళ్లు ఒక్క వాయిదాకూ రాలేదు. ముందు పీజీ పూర్తి చెయ్ నాయనా.

ప్రశ్న అడిగినవాడు: సరే అన్నా. సాంబారు మాత్రం ఇంకా అట్లనే ఉంది.