కీడు కోరే ప్రార్థన ధర్మమేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు

శివుణ్ణి స్తుతించే వేదమంత్రాలైన శ్రీరుద్రంలో, నమకం అనే భాగపు చివరి అనువాకం (విభాగం) ముగింపున, మేము ఎవరిని ద్వేషిస్తామో, ఎవరు మమ్మల్ని ద్వేషిస్తారో వారిని మీ దవడల్లో ఉంచుతున్నామని రుద్రులకు విన్నవించే మాట ఉంది. మా అమ్మా, మా వీధివారూ ఏళ్ల తరబడి కట్టిన చీటీల సొమ్ముతో పరారైన మనిషి, పారాయణలో సరిగ్గా అక్కడికి రాగానే నాకు గుర్తుకొస్తున్నాడు. కేసు నడుస్తోంది.

అతడు పట్టుబడాలని, ఇంకెవరినీ మోసగించలేని స్థితికి రావాలని కోరడం తప్పని నేను అనుకోను. కానీ మనసు అక్కడితో ఆగక, అతడి ఇల్లంతా ఏడవాలని కోరుతోంది. ఆ ఇంట్లో ఏ పాపమూ ఎరుగని పిల్లలున్నారు. క్రైస్తవ మిత్రుడొకరు బైబిలులోని 109వ కీర్తన చూపించారు. అందులో దుష్టుని బిడ్డలు తండ్రిలేనివారు కావాలనే ప్రార్థన ఉండటం నన్ను మరింత కలవరపెట్టింది. భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రి పాపం పోవాలని నరసింహస్వామిని వేడుకున్నాడు, అయితే అది హిరణ్యకశిపుడికి శిక్ష పడిన తరువాత. న్యాయం ఇంకా జరగనివారికి ఆ ఆదర్శం ఎంతవరకు వర్తిస్తుంది?

శాస్త్రం తెలిసినవారూ, ఇలాంటి బాధ పడినవారూ చెప్పండి: ఆ మంత్రం దగ్గర ఒక మనిషిని తలచుకోవడం దోషమా, లేక అతడి దుర్మార్గం మాత్రమే నశించాలని సంకల్పించుకోవాలా?