అగ్నిశిఖలో పసుపు పూలది వేరే జాతా? కుటుంబం లిలియేసీనా, కోల్చికేసీనా?

అడవిబాట: ఒకే కంచె మీద అడవినాభి (అగ్నిశిఖ, అంటే గ్లోరియోసా) పూలు కొన్ని పచ్చిపసుపుగా, కొన్ని నిప్పులాంటి ఎరుపుతో ఉన్నాయి. రెండు జాతులా? ఇంటర్ పుస్తకంలో గ్లోరియోసా లిలియేసీలో ఉంది, హెర్బేరియం షీట్ (ఎండబెట్టిన నమూనా అతికించే కాగితం) మీద కోల్చికేసీ అని రాయమంటున్నారు. ఏది సరైనది?

హెర్బేరియం గది: కోల్చికేసీ అనే రాయండి. ఆరు పరిపత్రాలు, ఆరు కేసరాలు, ఊర్ధ్వ అండాశయం కనిపిస్తే చాలు, పూర్వం లిలియేసీలో వేసేసేవారు. డీఎన్ఏ పోలికలు వచ్చాక ఆ మూట విప్పారు. ఉల్లి అమరిల్లిడేసీకి, పిల్లిపీచర ఆస్పరాగేసీకి, కలబంద ఆస్ఫోడెలేసీకి పోయాయి. గ్లోరియోసా మాత్రం కోల్చికమ్ అనే మరో ప్రజాతి పక్కన చేరింది. రెండింటిలోనూ కోల్చిసిన్ అనే విషపదార్థం ఉండటం ఈ చుట్టరికానికి చక్కగా అతుకుతుంది. లిలియేసీ, కోల్చికేసీ రెండూ లిలియేలిస్ క్రమంలోవే.

ప్రజాతి చిన్నది, పది పన్నెండు జాతులు. చాలావరకు ఆఫ్రికావి. మన అడవుల్లో ఉన్నది గ్లోరియోసా సుపర్బా, లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు. దక్షిణాఫ్రికా లిట్టోనియాను 2007లో ఇందులోనే కలిపి గ్లోరియోసా మోడెస్టా అన్నారు. దాని పువ్వు గంటలా వేలాడుతుంది, రేకులు వెనక్కి మడవవు. కాబట్టి మడిచిన రేకులనే ప్రజాతి గుర్తుగా చెప్పే పాత గుర్తింపు పట్టికలు ఇప్పుడు చాలవు.

దుంపలతోట: రంగు చూసి జాతి తేల్చకండి. మొగ్గ విచ్చినప్పుడు రేకులు ఆకుపచ్చ, తర్వాత మొదలు పసుపు, కొస ఎరుపు, వాడేముందు మొత్తం ముదురెరుపు. ఒక పువ్వు కాడకు దారం కట్టి రోజూ చూడండి, మీ రెండు రకాలూ అందులోనే కనిపిస్తాయి. గ్లోరియోసా రోత్‌షీల్డియానా అని నర్సరీల్లో అమ్మేదీ సుపర్బాయే. రంగుకన్నా కీలం (అండాశయం మీది సన్నని కాడ) చూడండి: అండాశయం దగ్గరే పక్కకు లంబకోణంలో వంగి ఉంటుంది.

అడవిబాట: నాభి అంటే వసనాభేనా? నమూనాకు దుంప తవ్వాలా?

హెర్బేరియం గది: కాదు. వసనాభి హిమాలయాల అకోనిటమ్, రనన్‌కులేసీ, ద్విదళబీజం. రెండూ విషమే, అందుకే పేరు కలిసింది. షీట్ మీద శాస్త్రీయ నామం లేకపోతే ఈ గందరగోళం తీరదు.

దుంప వద్దు. అది నాగలిలా రెండు కొమ్ములుగా ఉంటుంది, మొలిచే కన్ను కొమ్ము కొసనే. కొస విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు. పూలతో ఉన్న కొమ్మ చాలు, ఆకు కొసన నులితీగ తెగకుండా కోయండి. ఒక పువ్వును విప్పి, ఇంకోదాన్ని కీలం వంపు కనిపించేలా పక్కకు తిప్పి ఒత్తండి. ఎండితే రంగు పోతుంది, కోసినచోటే రాసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మొక్క అంతా విషమే, దుంపా గింజలూ మరీనూ.